టెక్ సందేహాలు: హోసూరు మేనేజరుకు అన్ని శాఖల లెక్కలూ ఎందుకు కనిపిస్తున్నాయి?

"బెంగళూరు మారతహళ్ళిలోని ఒక పంపిణీ సంస్థలో డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. మాకు హోసూరు, తుమకూరు, కోలారు, హిందూపురంలో శాఖలున్నాయి. ఎవరి అమ్మకాలు వారికే కనిపించేలా పవర్ బీఐలో (రిపోర్టులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) రోల్స్, అంటే ఎవరు ఏ వరుసలు చూడొచ్చో చెప్పే నియమాలు రాశాను. డెస్క్‌టాప్‌లో 'వ్యూ యాజ్' (ఒక రోల్‌లో ఉన్నవారికి కనిపించినట్టు చూపే సదుపాయం) పెట్టి చూస్తే అంతా సరిగానే ఉంది. పబ్లిష్ చేశాక మాత్రం హోసూరు మేనేజరుకు నాలుగు శాఖల అంకెలూ వస్తున్నాయి. నా ఫార్ములాలో తప్పుందా?"

ఫార్ములా జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు వర్క్‌స్పేస్‌లో (రిపోర్టులు ఉంచి పంచుకునే చోటు) ఆయనకు ఏ హోదా ఇచ్చారో చూడండి. అడ్మిన్, మెంబర్, కాంట్రిబ్యూటర్ హోదాల్లో ఉన్నవారికి మోడల్‌ను (రిపోర్టు వెనకున్న పట్టికలు, వాటి సంబంధాలు) మార్చే హక్కు ఉంటుంది కాబట్టి రో లెవెల్ సెక్యూరిటీ (రోల్స్‌తో వరుసలకు పెట్టే కట్టడి) వారిని ఆపదు. అది పనిచేసేది వ్యూయర్లకే. రిపోర్టు తెరుచుకోవడం లేదని ఎవరో ఫోను చేయగానే తొందరలో 'మెంబర్' అని చేర్చేస్తుంటాం. చాలా చోట్ల గండి పడేది అక్కడే. ఆయన్ను వ్యూయర్‌గా మార్చి, పవర్ బీఐ ఆన్‌లైన్ సర్వీసులో ఆ మోడల్ 'సెక్యూరిటీ' పేజీకి వెళ్లి హోసూరు రోల్‌లో చేర్చండి. డెస్క్‌టాప్‌లో రోల్ రాసినంత మాత్రాన ఎవరూ అందులో చేరరు. ఒకే మనిషి రెండు రోల్స్‌లో ఉంటే మాత్రం ఆ రెండింటిలో కనిపించేదంతా కలిపి కనిపిస్తుంది. ఒకటి రెండోదాన్ని కట్టడి చేస్తుందని అనుకోకండి.

శాఖకో రోల్ చొప్పున రాసుకుంటూ పోవడం నాకు నచ్చదు. నాలుగు శాఖలు నలభై అయిన రోజున దాన్ని నడపలేరు. ఈమెయిల్, శాఖ అనే రెండు కాలమ్‌లతో ఒక చిన్న పట్టిక పెట్టుకోండి. ఒకరు రెండు శాఖలు చూస్తుంటే ఆయన పేరిట రెండు వరుసలు. రోల్ ఒక్కటే: ఆ పట్టికలోని ఈమెయిల్, 'యూజర్‌ప్రిన్సిపల్‌నేమ్' ఫంక్షన్ ఇచ్చే విలువతో సమానం కావాలి. పట్టికను శాఖల టేబుల్‌కు కలపండి. మామూలుగా ఫిల్టర్ శాఖల వైపు నుంచి మీ పట్టిక వైపు పారుతుంది. మనకు కావలసింది ఎదురు దిశ. అందుకని ఆ సంబంధంలో క్రాస్ ఫిల్టర్‌ను 'బోత్' చేసి, సెక్యూరిటీ ఫిల్టర్ రెండు దిశలా వర్తించాలనే పెట్టెలో టిక్కు పెట్టండి. ఈ టిక్కు మరిచిపోతే పట్టిక ఉండీ లేనట్టే, అందరికీ అన్నీ కనిపిస్తాయి. పట్టికలో పేరు లేని వ్యక్తికి ఖాళీ రిపోర్టు రావాలి. దాన్ని తప్పకుండా పరీక్షించండి.

ఇంకో మెలిక ఉంది. ఆ ఫంక్షన్ ఇచ్చేది లాగిన్ పేరు. అది మెయిల్ చిరునామాతో ప్రతిసారీ ఒకటే కానక్కర్లేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి మెయిల్ మారినా, లాగిన్ పాతదే ఉండిపోయిన ఉద్యోగినులు ఉంటారు. అనుమానం వస్తే అదే ఫంక్షన్‌తో ఒక మెజర్ (రిపోర్టులో చూపే లెక్క) రాసి, రిపోర్టు మూలన కార్డుగా పెట్టండి. ఎదుటివారి తెరమీద అది ఏ పేరు చూపిస్తే పట్టికలో ఆ పేరే ఉండాలి.

"రోల్స్ పెట్టాక ప్రతి మేనేజరుకూ తన శాఖ వాటా 100 శాతం అని చూపిస్తోంది" అని కూడా రాశారు. మిగతా వరుసలు ఆయన పాలిట లేనే లేవు కదా, మొత్తం అంటే ఆయనదే మొత్తం. కంపెనీ మొత్తాలను నెలవారీగా కూడి ఒక క్యాలిక్యులేటెడ్ టేబుల్‌లో ఉంచండి. దాన్ని శాఖల టేబుల్‌కు మాత్రం కలపకండి. ఆ లెక్క రిఫ్రెష్ (డేటాను తాజాగా తెచ్చుకునే) సమయంలోనే జరిగిపోతుంది కాబట్టి రోల్స్ దాన్ని తాకవు. అయితే ఏ మొత్తం బయటపెడుతున్నారో ఆలోచించండి. రెండే శాఖలున్న ప్రాంతం మొత్తం చూపితే, తన అంకె తీసేసి పక్క శాఖ అంకె ఎవరైనా చెప్పేస్తారు.

"జీతం కాలమ్‌ను మోడల్‌లో హైడ్ చేశాను, అది సరిపోతుందా?" అని విజయనగర్ నుంచి మరొకరు అడిగారు.

సరిపోదు. హైడ్ చేయడం ఫీల్డుల జాబితా పొందికగా ఉండటానికి పనికొస్తుంది, అంతే. రిపోర్టులోని ఫిల్టర్‌ను దాచి అదే భద్రత అనుకోవడమూ ఇలాంటిదే. కోరమంగలలో ఒక సంస్థకు వెళ్లినప్పుడు ఇది కళ్లారా చూశాను. విభాగానికో పేజీ, ప్రతి పేజీకీ దాచిన ఫిల్టర్. మోడల్ వాడుకునే అనుమతి ఉన్న ఒక కుర్రవాడిని ఎక్సెల్ తెరిచి అదే మోడల్‌కు కలపమన్నాను. పివట్‌లోకి విభాగం లాగాడు, ఖర్చు లాగాడు. తొమ్మిది విభాగాల పేర్లూ, ఎదురుగా అంకెలూ వరుసగా దిగాయి. అతను మౌస్ వదిలేసి వెనక్కి జరిగి కూర్చున్నాడు. దొంగతనం చేసినట్టు మొహం పెట్టాడు, పాపం. తప్పు అతనిది కానే కాదు.

కాలమ్‌కు నిజంగా తాళం వేయాలంటే ఆబ్జెక్ట్ లెవెల్ సెక్యూరిటీ ఉంది, టాబ్యులర్ ఎడిటర్ అనే విడి టూల్‌తో పెట్టుకోవచ్చు. అనుమతి లేనివారికి ఆ కాలమ్ అసలు లేనట్టే ఉంటుంది, దాన్ని వాడే చార్టులు వారికి ఎర్రర్ చూపుతాయి. వరుసల కట్టడి ఒక రోల్‌లోనూ కాలమ్ కట్టడి ఇంకో రోల్‌లోనూ పెట్టి ఒకే వ్యక్తిని రెండింట్లో చేర్చకండి, అదీ ఎర్రరే. నన్నడిగితే, ఆ రిపోర్టుకు జీతాల అవసరం లేకపోతే ఆ కాలమ్‌ను మోడల్‌లోకే తీసుకురావద్దు. అది ఒక మనిషి సంపాదన, తోటివారి మధ్య తల ఎత్తుకుని తిరగడానికి సంబంధించిన సంగతి.

ఇందిరానగర్ పాఠకుడికి: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎవరికి ఏ వరుసలు కనిపించాలో పాలసీ రాసినా మీకు అన్ని వరుసలూ కనిపిస్తున్నాయంటే, బహుశా మీరు టేబుల్ సృష్టించిన ఖాతాతోనే పరీక్షిస్తున్నారు. 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచీ ఈ సదుపాయం ఉంది, అప్పటి నుంచీ టేబుల్ యజమానికి, అంటే దాన్ని సృష్టించిన ఖాతాకు, మినహాయింపూ ఉంది. ఆ టేబుల్‌కు 'ఫోర్స్ రో లెవెల్ సెక్యూరిటీ' పెట్టండి. సూపర్‌యూజర్‌ను (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) అది కూడా ఆపదు, కనుక పరీక్షకు మామూలు ఖాతా ఒకటి విడిగా సృష్టించుకోండి.