బోగీ నంబరు చూసి ఎక్కు

శ్రావ్యా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, అది ఒక్కతే ఫ్రాన్స్ పోతానంటోంది, పోనీ పారిస్‌లో ఉంటుందా అంటే అదీ లేదు, ఎవరూ వినని ఊళ్లు తిరుగుతుందట, నువ్వైనా చెప్పు" అన్నాడు. చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టేసి మీ పెద్దమ్మ దగ్గర "చూశావా మన పిల్ల" అని ఓ అరగంట గొప్పలు పోయాను. తర్వాత పన్నెండింటి దాకా నిద్ర పట్టలేదు. గొప్పలు పోయిన సంగతి మీ నాన్నకు చెప్పకు, గట్టిగా చివాట్లు పెట్టాననే అనుకోనీ.

నీ ప్లాన్ కూడా వాడే వాట్సాప్‌లో పంపాడు. పది రోజులు, ఏడు ఊళ్లు. లియోన్, స్ట్రాస్‌బుర్గ్, నాంత్, లోరియాన్, బోర్డో, తులూజ్, మార్సెయ్. కార్తీక మాసంలో పంచారామాల బస్సు ఎక్కి ఒక్క రోజులో ఐదు గుళ్లు చుట్టొచ్చే లెక్క అనుకున్నావా తల్లీ? మ్యాపులో లియోన్‌కీ బోర్డోకీ మధ్య జానెడు దూరం కనిపిస్తుంది. కానీ అక్కడి వేగం రైళ్లు చాలావరకు పారిస్ నుంచే బండిచక్రం ఆకుల్లాగా నలువైపులకీ పోతాయి. పారిస్ నుంచి లియోన్ రెండు గంటలు, పారిస్ నుంచి బోర్డో రెండు గంటలు, ఈ రెండూళ్ల మధ్య అడ్డంగా పోదామంటే మాత్రం నీ రోజు కాస్తా రైల్లోనే తెల్లారుతుంది. పోనీ పారిస్ మీదుగా పోదామంటే లియోన్ రైలు దిగే స్టేషన్ ఒకటి, బోర్డో రైలు ఎక్కే మోంపర్నాస్ స్టేషన్ ఇంకొకటి, మధ్యలో పెట్టె ఈడ్చుకుంటూ మెట్రో. మూడు ఊళ్లు పెట్టుకో. లియోన్, నాంత్, లోరియాన్. ఉద్యోగం చేసుకుంటున్నదానివి, మిగతావి ఇంకోసారి చూడవా?

వీసా, ఇన్సూరెన్స్, ఫోన్ సిమ్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. చలికి ఊలు మేజోళ్లు పెట్టుకో. ఏ కొట్లోకి అడుగుపెట్టినా, బస్సు ఎక్కినా ముందు "బోంజూర్" అను, తర్వాతే ఏదైనా అడుగు. అది అనకుండా "ఇదెంత" అంటే మనింటికొచ్చి గుమ్మంలోంచే పని చెప్పినవాడిని మనం చూసినట్టు చూస్తారు.

తిండి విషయం జాగ్రత్త. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా భోజనం, రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడు తర్వాతే. పెద్ద ఊరి నడిబొడ్డున ఏదో ఒకటి తెరిచి ఉంటుంది కానీ చిన్న ఊళ్లో నాలుగింటికి ఆకలేస్తే బేకరీ రొట్టే దిక్కు. ఆదివారం సాయంత్రం అదీ ఉండదు, శనివారమే కొని సంచిలో పెట్టుకో. సలాడ్ అంటే ఆకులే కదా అని ధీమాగా అడగకు, అందులో చిన్నచిన్న పంది మాంసం ముక్కలు వేస్తారు, లార్దోన్ అంటారు. నీళ్లకు డబ్బులు పెట్టకు, "కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు జగ్గుతో ఊరికే తెచ్చిపెడతారు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని రెండుసార్లు చదువు.

2009 ఫిబ్రవరిలో పారిస్‌లో గుడ్డల ఎగ్జిబిషన్‌కి పెడన నుంచి మన అద్దకం గుడ్డలు పట్టుకుని వెళ్లాను, మీ పెద్దమ్మను కూడా తీసుకెళ్లాను. ఎగ్జిబిషన్ అయ్యాక రెండు రోజులు మిగిలితే లోరియాన్ పోదామన్నాను. ఎందుకో తర్వాత చెప్తా. సాయంత్రం రైలు. మోంపర్నాస్‌లో ఎక్కి మా సీట్లు చూసుకుని, పెట్టెలు పైన పెట్టి, పాస్‌పోర్టులు, టికెట్లు, హోటల్ కాగితం అన్నీ మీ పెద్దమ్మ హ్యాండుబ్యాగులో పెట్టి, ఇంకా పది నిమిషాలుంది కదా అని కాఫీకి దిగాను. ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫోనూ నా జేబులో ఉంది. కాఫీ దగ్గర లైను. రెండు కప్పులు పట్టుకుని వచ్చేసరికి విజిల్ వేస్తున్నారు. అక్కడి రైలు తలుపులు బయల్దేరడానికి రెండు నిమిషాల ముందే మూసేస్తారు, మనలా కదిలే బండి పట్టుకుని ఎక్కడం కుదరదు. దగ్గర్లో ఉన్న తలుపులోంచి దూరిపోయాను. లోపలినుంచి నడుచుకుంటూ మన బోగీకి పోవచ్చులే అనుకున్నాను, విజయవాడ నుంచి ఎన్నిసార్లు అలా పోలేదు!

కాఫీ ఒలకకుండా నాలుగు బోగీలు దాటాను. ఐదో దాని చివర గోడ. అవతల ఇంజను. అప్పుడు తెలిసింది, అది ఒక రైలు కాదు, ముక్కూ ముక్కూ ఆనించి కట్టిన రెండు రైళ్లు. లోపల ఒకదాన్నుంచి ఒకదానికి దారి లేదు. పారిస్ నుంచి రెన్ అనే ఊరి దాకా కలిసి పోయి, అక్కడ విడిపోయి, ఒక సగం లోరియాన్ మీదుగా కెంపేర్‌కీ, ఇంకో సగం బ్రెస్ట్‌కీ పోతాయి. మన లింకు ఎక్స్‌ప్రెస్‌ల లాగానే. రెన్‌లో దిగి ప్లాట్‌ఫారం మీద పరిగెత్తి అటు ఎక్కితే సరిపోయేది. ఖాళీ సీట్లో కూర్చున్నాను. రెండు కాఫీలూ నేనే తాగాను.

ఇన్నేళ్లూ అందరికీ ఏం చెప్పానంటే, రెన్‌లో అనౌన్స్‌మెంటు ఫ్రెంచిలో ఉంది, అర్థం కాలేదు అని. నీకు నిజం చెప్తున్నాను. నిద్రపోయాను. నాలుగు రోజులు స్టాల్లో నిలబడ్డ అలసట. (పక్కన కూర్చుని చదువుతున్న మీ పెద్దమ్మ "నాకు తెలుసులే" అంటోంది. ఎలా తెలుసో చెప్పడం లేదు.)

టికెట్ చూసేవాడు భుజం తట్టి లేపాడు. టికెట్ లేదు, పాస్‌పోర్టు లేదు, "వైఫ్, వైఫ్" అని ముందువైపు చూపిస్తున్నాను. పాపం తిట్టలేదు. జేబులోంచి కాగితం తీసి పంగలకర్ర లాంటి గీత గీశాడు. కింద పారిస్, పంగ దగ్గర రెన్, ఒక కొమ్మ చివర నన్ను చూపించాడు, ఇంకో కొమ్మ చివర "మదామ్" అన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. రెండు కొమ్మల మధ్య ఖాళీ జాగా చూస్తే ఇవాళ్టికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఆ వేళకు వెనక్కి రైలు లేదు. బ్రెస్ట్ అంటే ఫ్రాన్స్‌కి పడమటి కొస, ఆ జిల్లా పేరుకే నేల అంతమయ్యే చోటు అని అర్థం. దిగేసరికి వాన, సముద్రపు గాలి. స్టేషన్ వాళ్లు లోరియాన్‌కి ఫోన్ చేసి మదామ్ క్షేమం అని చెప్పారు, అంతే, మాట్లాడించలేదు. ఎదురుగా ఓ చిన్న హోటల్లో ఓనరమ్మ పాస్‌పోర్టు అడగలేదు, నా మొహం చూసి తాళం ఇచ్చేసింది. పొద్దున్నే కెంపేర్ మీదుగా లోరియాన్ చేరాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. "ఏమన్నా తిన్నారా?" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, రాయడానికి సిగ్గేం లేదు.

అందుకని చెప్తున్నాను. ప్లాట్‌ఫారం నంబరు చూస్తే చాలదు, రైలు నంబరూ బోగీ నంబరూ చూసి, తెర మీద ఏ సగం ఏ ఊరికో చదివి, ప్లాట్‌ఫారం మీద నీ బోగీకి చూపించిన అక్షరం దగ్గర నిలబడు. ఒక సగంలో బోగీలు ఒకటి నుంచి మొదలైతే రెండో సగంలో సాధారణంగా పదకొండు నుంచి ఉంటాయి. పాస్‌పోర్టు ఒంటి మీదే ఉంచుకో. హోటల్ అడ్రసు, మీ నాన్న నంబరు, నా నంబరు కాగితం మీద రాసి పెట్టుకో. ఫోన్లో ఉన్నాయి కదా పెదనాన్నా అంటావు. ఫోన్ చచ్చిపోతే? కాగితం మీద రాయి!

సరే, కోపం కాదు. ఊళ్ల గురించి చెప్తా.

లియోన్‌లో క్రువా-రూస్ అనే గుట్ట ఎక్కు. పట్టు నేతగాళ్ల పేట అది. ఇళ్ల లోపలి కప్పు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తుంటుంది, మగ్గం, దాని మీద డిజైను నేయించే జకార్డు యంత్రం పట్టాలి కదా. ధర్మవరంలో మగ్గం మీద అట్టల దండతో ఆడుతుందే, ఆ జకార్డు పేరు ఈ ఊరివాడిదే, 1752లో లియోన్‌లో పుట్టాడు. అదే గుట్ట మీది నేతగాళ్లు 1831లో మజూరీ రేటు కోసం తిరగబడ్డారు. వీధి తలుపు తోసుకుని ఇళ్ల నడుమ నుంచి పక్క వీధిలోకి తేలే సందులు ఉంటాయి, త్రబూల్ అంటారు, కొన్నిటిలోకి ఎవరైనా పోవచ్చు. గట్టిగా మాట్లాడకు, పైన మనుషులు కాపురం ఉంటారు.

నాంత్‌లో చెక్కా ఇనుమూ కలిపి చేసిన 12 మీటర్ల ఏనుగు మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతుంది, తొండంతో నీళ్లు చిమ్ముతుంది. అందరూ దాన్ని చూసి వచ్చేస్తారు. నువ్వు నది ఒడ్డుకు కూడా పో. 2012లో తెరిచిన బానిసత్వ రద్దు స్మారకం ఉంది. నేల మీద వరసగా గాజు పలకలు, వాటి మీద ఈ ఊరి నుంచి బానిసల కోసం బయల్దేరిన ఓడల పేర్లు. ఆఫ్రికా ఒడ్డున మనుషులకు బదులిచ్చిన సరుకుల్లో మన దేశపు గుడ్డలూ ఉండేవి. 2014లో వెళ్లినప్పుడు ఆ పలకల మధ్య నడుస్తూ, మా తాతలు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన బట్ట ఎక్కడెక్కడికి పోయిందో అనుకున్నాను. ఆ రోజు ఏనుగు దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు.

ఇక లోరియాన్. ఊరు అందంగా ఉండదు, రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైతే మళ్లీ కట్టుకున్నారు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కోసం 1666లో పుట్టిన ఊరు, పేరుకే తూర్పు అని అర్థం. అక్కడ పడవెక్కి పోర్-లూయి దిగు, కోటలో ఆ కంపెనీ మ్యూజియం ఉంటుంది. వారంలో ఏ రోజు సెలవో ముందే చూసుకో, ఆ దేశంలో మ్యూజియాలు సోమవారమో మంగళవారమో మూస్తారు. అద్దాల వెనక కోరమాండల్ తీరం నుంచి వచ్చిన పూల గుడ్డలు ఉంటాయి. అప్పుడు నేను లోరియాన్ పోదామన్నది వీటి కోసమే. 1686 నుంచి 1759 దాకా ఫ్రాన్స్‌లో ఈ గుడ్డలు నిషేధం, తెలుసా? వాళ్ల నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని. అయినా జనం దొంగచాటుగా కట్టుకున్నారు. నేను అద్దానికి ముక్కు ఆనించి ఓ ఎర్ర పువ్వు చూశాను. రెక్క అంచున నల్ల గీత ఓ చోట లావై మళ్లీ సన్నబడింది. అచ్చుతో కొడితే అలా రాదు, కలంతో గీసినవాడు అక్కడ ఆగి మళ్లీ ముంచాడన్నమాట. ఎర్రదనం చిరువేరుదే అనిపించింది. కాపలా ఆయన వచ్చి దగ్గరగా నిలబడేదాకా నేను కదల్లేదు. నువ్వు కూడా ఆ అంచులే చూడు, పువ్వు మొత్తం తర్వాత.

మీ పెద్దమ్మ తన మాట కూడా రాయమంటోంది. ఆ రాత్రి నేను బ్రెస్ట్‌లో గుండె పట్టుకుని కూర్చుంటే, తను స్టేషన్ దగ్గర ఓ చిన్న హోటల్లోకి వెళ్లి గాలెట్ తిందట. అచ్చం మన అట్టే, వాళ్లు నల్ల గోధుమ అనే పిండితో పోస్తారు, పెద్ద ఇనప పెనం మీద కర్రతో గుండ్రంగా తిప్పుతూ. మాంసం వద్దని చేత్తో సైగ చేస్తే గుడ్డూ చీజూ వేసి మడిచి ఇచ్చారట. రెండు తిందట! పిండి ఇంకాస్త పలచగా కలపాలని పెనం దగ్గరామెకు తెలుగులోనే చెప్పి వచ్చిందట.

రైలు టికెట్లు కొన్నాక బోగీ నంబర్లు నాకు పంపు, ఏ సగమో నేను చూసి చెప్తా. మీ పెద్దమ్మేమో, ఒకసారి తప్పు రైలు ఎక్కినా పర్వాలేదని రాయమంటోంది. నేను రాయనన్నాను.

మీ పెదనాన్న