ఒంట్లో ఏటీపీ ఎంత నిల్వ ఉంటుంది, అయిపోతే ఏమవుతుంది?

"ఏటీపీని డబ్బుతో పోలుస్తారు కదా, మరి ఒంట్లో ఎంత దాచుకుంటాం, అయిపోతే ఏమవుతుంది?" అని అడిగారు. ఏటీపీ అంటే మన కణాల్లో ప్రతి పనికీ శక్తినందించే చిన్న అణువు. దాన్ని దాచుకోవడం అనేదే లేదండి. ఏ క్షణంలో చూసినా మనిషి ఒంట్లో పావుకిలోకి మించి ఉండదు. రోజంతా వాడేది మాత్రం ఇంచుమించు మన బరువంత! ఉన్న కాసిన్ని అణువులే రోజుకి వందలసార్లు ఖాళీ అయి మళ్ళీ నిండుతుంటాయి.

అయిపోతే ఏమవుతుందో కళ్ళారా చూశాను. మా నాయనమ్మ రాత్రి రెండింటికి పోయింది. పెద్దత్త ఏడుస్తూనే పాత నేతచీర అంచు చింపి, గడ్డం కిందనుంచి నడినెత్తికి తెచ్చి ముడేసింది. "ఆలస్యం చేస్తే దవడ బిగుసుకుపోద్దిరా" అంది. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టింది. చేతి ఉంగరం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బాబాయి బెంగళూరు నుంచి వచ్చేసరికి తొమ్మిదయింది. అప్పుడు తీద్దామంటే ముడుచుకున్న వేళ్ళు రాలేదు. చివరి రెండు నెలలూ మజ్జిగ గ్లాసు కూడా నిలవని వేళ్ళవి.

కండ బిగియడానికే శక్తి కావాలి, వదలడానికి అక్కర్లేదు అనుకుంటాం. కాదు. కండలో మయోసిన్ అనే ప్రోటీన్, యాక్టిన్ అనే మరో ప్రోటీన్ పోగును పట్టుకుని లాగుతుంది. ఆ పట్టు వదలాలంటే కొత్త ఏటీపీ వచ్చి దానికి అతుక్కోవాలి. ఊపిరి ఆగితే ఆక్సిజన్ అందదు, కొన్ని గంటల్లో ఏటీపీ అడుగంటుతుంది, పట్టింది పట్టినట్టే ఉండిపోతుంది.

అందుకే నాకు ఆ డబ్బు పోలిక అస్సలు నచ్చదు. గ్యాస్ బండ అనండి. వాడాక మూడు ఫాస్ఫేట్లలో ఒకటి ఊడి ఏడీపీ అవుతుంది, అది ఖాళీ బండ. దాన్ని మళ్ళీ నింపేది ఎక్కువగా కణంలోని మైటోకాండ్రియా అనే చిన్న భాగాలు. వాటి లోపలి పొరలో ఒక ప్రోటీన్ కాపలా ఉంటుంది. ఏడీపీ ఒకటి లోపలికి తీసుకుంటేనే ఏటీపీ ఒకటి బయటికి ఇస్తుంది.

కండలో క్రియాటిన్ ఫాస్ఫేట్ కూడా ఉంటుంది. పరుగు అందుకున్న తొలి సెకన్లలో తన ఫాస్ఫేట్‌ని ఏడీపీకి ఇచ్చేసి అక్కడికక్కడే ఏటీపీ చేసేది అదే. క్రియాటిన్ ఫాస్ఫేట్, ఏటీపీ ఈ రెంటినీ కండలోంచి వెలికితీసినవాళ్ళలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో క్రియాటిన్ ఫాస్ఫేట్, 1929లో ఏటీపీ. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే ఏడు ఏటీపీని విడిగా కనిపెట్టాడు. నేను చదివిన కాలేజీలో ఒక్క గ్లూకోజు అణువు నుంచి 38 ఏటీపీలు వస్తాయని రెండేళ్ళూ బట్టీ పట్టించారు. ఇప్పుడు లెక్క 30, 32 దగ్గరికి దిగింది. సుబ్బారావుగారి పేరు మాత్రం క్లాసులో ఒక్కరూ ఎత్తలేదు.