విరిగిన తలా, విరిగినట్టున్న తలా?

సందేహం: పోలండులోని ఒక కంచు శిల్పం ఫోటో చూపించి పిల్లల్ని నాలుగు వాక్యాలు రాయమన్నాను. మెడ కింద ఏమీ లేని పెద్ద తల అది, పక్కకు ఒరిగి ఉంటుంది. ఒకరు ‘విరిగిన విగ్రహం’ అన్నారు, ఒకరు ‘భిన్నమైన విగ్రహం’, ఇంకొకరు హిందీ అలవాటుతో ‘ఖండిత విగ్రహం’. ‘ఇత్తడి తల చెక్కారు’ అని కూడా ఒకరు రాశారు. ఏది సరైనది?
– ఒక ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, అది క్రాకో నగరం నడిబొడ్డున ఉన్న ‘ఎరోస్ బెందాతో’ (కట్లు కట్టిన ఎరోస్; ఎరోస్ అంటే గ్రీకుల ప్రేమదేవుడు) అయి ఉంటుంది. ముఖానికి కట్లు కట్టినట్టుంటుంది. లోపలంతా డొల్ల, పిల్లలు దూరి కంటి రంధ్రాల్లోంచి తొంగిచూస్తారు. దాన్ని చేసిన ఇగోర్ మితొరాయ్ (1944–2014) పాత గ్రీకు, రోమను విగ్రహాల ముక్కల రూపాన్నే తన శిల్పాలకు తీసుకున్నాడు.

‘విరిగిన’ అంటే తెలుగులో ఏదో జరిగిపోయిందని అర్థం. కొమ్మ విరిగిందంటే అంతకుముందు బాగానే ఉందన్నమాట. 1820లో మీలోస్ దీవిలో దొరికిన పాలరాతి వీనస్‌కు ఒకప్పుడు చేతులుండేవి. కాబట్టి ‘చేతులు విరిగిన వీనస్’ అనవచ్చు, ‘చేతులు పోయిన’ అన్నా సరే. మితొరాయ్ చేసిన తల ఏనాడూ విరగలేదు. ఆ విరుపు అంచు మూసలోనే ఉంది, కరిగిన కంచు అందులోకే దిగింది. దాన్ని ‘విరిగినట్టు పోసిన తల’ అనండి, లేదా ‘మొండెం లేని తల’ అనండి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరివారికి ఈ వాడుక ‘ట్టు’ను నేను సిఫారసు చెయ్యనక్కర్లేదు.

‘భిన్నమైన’ పూజగది మాట. దేవుడి బొమ్మ బీటలిస్తే ‘భిన్నమైంది’ అని పూజలోంచి తీసేస్తాం. శిల్పం గురించి అలా రాస్తే, ఈ రోజుల్లో చదివేవాడు ‘వెరైటీగా ఉంది కాబోలు’ అనుకుంటాడు.

‘ఖండిత’ హిందీలో చెల్లుతుంది. మన దగ్గర మంత్రులు వార్తల్ని ఖండిస్తారు, మొండివాడు ఖండితంగా చెబుతాడు, కావ్యాల్లోనేమో ఖండిత అంటే రాత్రంతా ఎక్కడో గడిపి తెల్లారి వచ్చిన ప్రియుడి మీద మండిపడే నాయిక. ప్రేమదేవుడి తలకే ఆ పేరు తగిలిస్తే నవ్వులాటే.

ఇక ‘చెక్కారు’ తప్పు. రాతిని చెక్కుతారు, కంచును పోత పోస్తారు. ఇత్తడిలో రాగికి జింకు కలుస్తుంది, కంచులో తగరం. పక్కనే గంజాం జిల్లాలో బెల్లగుంఠ ఇత్తడి చేపల్ని చూసి పెరిగిన పిల్లలకు లోహపు బొమ్మ అనగానే ఇత్తడే గుర్తుకు రావడం సహజం. ఆ వాక్యాన్ని ‘కంచుతో పోత పోశారు’ అని దిద్దండి.