యాగంటి కాకి అప్పీలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వింత పాత్రల గురించే. కొత్త పాఠకుల కోసం రెండు ముక్కలు చెబుతాను. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటూ ఆడే ఆట. తలా ఒక పాత్ర తీసుకుంటారు. మిగతా లోకమంతా గేమ్ మాస్టర్‌ది. 'అవుతుందా, కాదా' అన్న చోట పాచిక తేలుస్తుంది. అనంతపురంలో నా టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆ మేడ మీది గదిలోనే మేం ఆదివారాలు ఆడుతున్నాం. మిషన్లన్నీ అమ్మేశాను, ఒక్కటి తప్ప. దాని సంగతి కింద వస్తుంది.

అన్నగారూ, మావాడు పదో తరగతి. సెలవుల్లో స్నేహితులతో ఏదో డ్రాగన్ల ఆట మొదలుపెట్టాడు. అందులో వాడు దొంగంట. పొద్దస్తమానం బీగాలు తీయడం, జేబులు కొట్టడం గురించే మాట్లాడుతున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

అమ్మా, 1974లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చినప్పుడు అందులో మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. మరుసటేడు వచ్చిన అనుబంధ పుస్తకంతో దొంగ చేరాడు. ఇక అప్పటినుంచి దొంగ లేని బల్ల అరుదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వాళ్ళ తోలుబొమ్మలాట ఎప్పుడైనా చూశారా? తెర వెనక రాముడికి గొంతిచ్చిన మనిషే రావణుడికీ ఇవ్వగలడు. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి నోటికొచ్చినట్టు కూసి పోతారు. ఆట అయ్యాక ఆయన బొమ్మలు సర్దుకుని ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాడు. మీవాడూ అంతే. బీరువా తాళాలు కనబడకపోతే ముందు దిండు కింద వెతకండి, తర్వాత వాణ్ణి అడుగుదురు.

సార్, మేం ఐదుగురం ఆడతాం. నాకు తిమ్మమ్మ మర్రిమానుగా ఆడాలని ఉంది. చిన్నప్పటినుంచి చూస్తున్న చెట్టు. మా గేమ్ మాస్టర్ పడీపడీ నవ్వి, 'ఐదెకరాల చెట్టు గుహలోకి ఎట్ల దూరుతుంది రా' అన్నాడు. నేను అడిగింది తప్పా?
– డిగ్రీ విద్యార్థి, కదిరి

నువ్వు అడిగిందీ తప్పు కాదు, ఆయన అడిగిందీ తప్పు కాదు. 1974 నాటి ఆ మొదటి పుస్తకంలోనే ఒక వెసులుబాటు ఉంది. ఆటగాడు దాదాపు ఏ జీవిగానైనా ఆడవచ్చు, కాకపోతే బలహీనంగా మొదలై మెల్లగా పైకి రావాలి. డ్రాగన్ కావాలనుకుంటే పిల్ల డ్రాగన్‌తో మొదలుపెట్టాలి. ఆ పేజీ మీ గేమ్ మాస్టర్‌కి చూపించు. చూపించాక నువ్వూ ఒక మెట్టు దిగు. గిన్నిస్ బుక్కుకెక్కిన మాను మొత్తం అడగొద్దు, ఒక్క ఊడ అడుగు. నేలకు దిగి, వేరుపట్టి, తల్లి చెట్టు నుంచి విడిపోయిన ఊడ.

దానికి ప్రాణం ఎట్లా అంటే, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాల్లో 'అవేకెన్' అనే మంత్రం ఉంది. వేయడానికి ఎనిమిది గంటలు పడుతుంది. 1000 బంగారు నాణేల విలువ చేసే అగేట్ రాయి అందులో ఖర్చయిపోతుంది. మంత్రం పడిన చెట్టుకు తెలివి 10 వస్తుంది, అంటే మామూలు మనిషికి ఉన్నంత. వేళ్ళు కాళ్ళలా కదులుతాయి. మంత్రం వేసినవాడికి వచ్చిన భాషల్లో ఒకటి మాట్లాడుతుంది. అలా లేచిన చెట్టు ఒక వంతులో 20 అడుగులు నడుస్తుంది, మనిషి 30 నడుస్తాడు. నిప్పు తగిలితే దానికి దెబ్బ రెట్టింపు.

నాకు ఈ చివరి వాక్యమే ముఖ్యం. గుహలోకి దివిటీ లేకుండా పోలేరు. దివిటీ పట్టినవాడు నీ పక్కన నడవకూడదు. మాంత్రికుడు అగ్గి మంత్రం వేసేముందు నువ్వెక్కడున్నావో చూసుకోవాలి. ఊడ ఒక్కటే అయినా ఐదుగురికీ పని పడింది.

రూపం ఎంత వింతదైనా నవ్వు పావుగంటే. మా దగ్గర ఒక కుర్రాడు మాట్లాడే బల్లిగా చేరాడు. రంగు పెన్సిళ్ళతో బొమ్మ కూడా వేసుకొచ్చాడు. మూడో ఆదివారానికి అది బల్లి అన్న సంగతి అందరం మర్చిపోయాం. గోడెక్కాల్సి వచ్చినప్పుడు వాడే నిచ్చెన అడిగాడు.

ఇక నేను చూసినవాటిల్లో గొప్ప పాత్ర ఏదంటే కాకి. ఆడినాయన రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మనవడిని దింపడానికి మేడెక్కి, ఉగ్గాని తింటూ కాసేపు చూసి, 'నాకూ ఒక కాయితం ఇయ్యప్పా' అన్నారు. బనగానపల్లె దగ్గర యాగంటిలో కాకులు వాలవని మీకు తెలుసు. అగస్త్యుడి తపస్సును కాకాసురుడు చెడగొట్టాడనీ, ముని కాకిజాతినంతా శపించాడనీ కథ. ఈయన పాత్ర ఆ శాపం మీద అప్పీలుకు బయల్దేరిన కాకి. క్యారెక్టర్ షీట్ మీద, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాయితం మీద, ఆయుధాలు రాసుకోవాల్సిన చోట 'అర్జీ, మూడు కాపీలు' అని ఉంది. కింద ఎర్ర సిరాతో ఇంకో లైను: 'ఈ కాకి యాగంటి పొలిమేర దాటరాదు.' ఆ షరతు నేను పెట్టింది కాదు, ఆయనే రాసుకొచ్చారు.

నేను దాచుకున్న ఆ ఒక్క తెలుగు టైపు మిషన్ మళ్ళీ పనిలో పడింది అప్పుడే. ప్రతి వారం ఒక కాయితం. దారిలో కనబడిన ప్రతి రాజుకీ, రాక్షసుడికీ, చెరువుగట్టు మీది పిశాచానికీ విషయం, సూచిక, జతపరచినవి అన్నీ పెట్టి అర్జీ. కత్తి దూస్తే పావుగంటలో తేలే గొడవను ఆ కాకి రెండు ఆదివారాలు నడిపేది. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. ఒకసారి కోటగుమ్మం దగ్గర కాపలావాళ్ళు 'ముద్ర ఏదీ' అంటే ఆయన జేబులోంచి నిజంగానే స్టాంప్ ప్యాడ్ తీశారు. ఆ తర్వాత విసుగు లేదు.

ఆరు నెలలకు యాగంటి చేరారు. కాకి లోపలికి పోలేదు. ఇక అర్జీ చదవాల్సింది ఎవరు? జట్టులో మిగిలింది ఒక సైనికురాలు, ఇద్దరు విలుకాళ్ళు. విలుకాళ్ళు వెనక్కి జరిగారు. సైనికురాలిగా ఆడే ఇంటర్ అమ్మాయి మాటతీరుకు, ఆటలో దాన్నే కరిష్మా అంటారు, 7 మార్కులు. అంటే మెప్పించాల్సిన ప్రతిసారీ పాచిక మీద పడ్డదాంట్లోంచి రెండు తీసేయాలి. పెద్దాయన లేచి, టీ గ్లాసు పట్టుకుని, బయట మెట్ల మీద కూర్చున్నారు. 'సార్, లోపలే కూర్చోండి' అన్నా. 'పొలిమేర గదప్పా' అన్నారు.

ఆ అమ్మాయి అర్జీ మొత్తం చదివింది. 'ఒకడు చేసిన తప్పుకు వంశమంతటికీ శిక్ష' అన్న చోట గొంతు కాస్త వణికింది. ముని ఒప్పుకోవాలంటే కనీసం 15 రావాలని నేను మనసులో పెట్టుకున్నాను. ఇరవై ముఖాల పాచిక మీద 13 పడింది, రెండు పోతే 11. ముని కళ్ళు తెరవలేదనీ, వచ్చే కార్తీకానికి రమ్మన్నాడనీ చెప్పాను. అమ్మాయి మెట్ల దగ్గరికి పోయి ఆ మాటే చెప్పింది.

'రిజెక్టా, పెండింగా?' అని అడిగారాయన.

'పెండింగ్ తాతా.'

'అయితే ఏం పర్వాలేదు లేమ్మా' అని గ్లాసు కింద పెట్టి లోపలికొచ్చారు.

కదిరి తమ్ముడూ, నీ ఊడకు ఏం కావాలో, అది ఏం చేయలేదో రెండు లైన్లు రాసి మీ గేమ్ మాస్టర్‌కి ఇయ్యి. మళ్ళీ నవ్వితే నాకు రాయి.

కత్తులూ మంత్రాలూ వద్దు, మూడొందల పేజీల పుస్తకమూ వద్దు. తిక్క పాత్రలతో ఒక్క సాయంత్రం ఆడుకునే ఆటలున్నాయా?
– ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, కర్నూలు

ఉన్నాయి. 1976లోనే 'బన్నీస్ అండ్ బర్రోస్' వచ్చింది, అందులో అందరూ కుందేళ్ళే. కానీ మీరడిగినదానికి సరిపోయేది 2017 నాటి 'హనీ హైస్ట్'. నియమాలన్నీ ఒక్క పేజీ. అందరూ ఎలుగుబంట్లు, చేయాల్సింది తేనె దోపిడీ. ప్రతి ఎలుగుకూ రెండే గుణాలు, ఎలుగుతనం, నేరగాడితనం, మూడేసి మార్కులతో మొదలవుతాయి. ప్లాను చెడితే ఒక మార్కు ఎలుగు వైపు పోతుంది, కలిసొస్తే నేరగాడి వైపు. ఏదైనా ఆరుకు చేరిందా, మీ పాత్ర మీ చేయి దాటిపోయినట్టే. టోపీ కూడా పాచిక వేసే తెచ్చుకోవచ్చు. 'ఎవ్రీవన్ ఈజ్ జాన్' ఇంకో తిక్క. ఆటగాళ్ళందరూ ఒకే మనిషి తలలో వినిపించే గొంతులు, వాడి మీద పెత్తనం కోసం కొట్లాడుకుంటారు. అక్కాచెల్లెళ్ళంటున్నారు కాబట్టి ప్రాక్టీసు అక్కర్లేదు.

ఇరవై ముఖాల పాచిక మా ఊళ్ళో దొరకదు. ఆర్డర్ పెడితే ఇంట్లో తిడతారు. ఏం చేయాలి?
– తొమ్మిదో తరగతి, ఆదోని

ఇరవై చీటీలు చించి, ఒకటి నుంచి ఇరవై దాకా రాసి, మూత ఉన్న డబ్బాలో వేసి కుదుపు. తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి వేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. చీటీలన్నీ ఒకే కొలతలో, ఒకే మడతలో ఉండాలి. మేమూ మొదటి ఏడాది అట్లాగే ఆడాం. ఒకడికి వరసగా నాలుగుసార్లు 20 వచ్చింది. దొంగ పాత్ర ఆడే పిల్ల డబ్బా బోర్లించి చూస్తే 20 రాసిన చీటీ కొస చిరిగి ఉంది. చించినవాడు ఆడుతున్నది పూజారి పాత్ర.