పరాయి దేశంలో తక్కువ డబ్బుకు లాప్‌టాప్ కొనబోయే పిల్లలకు

చిరంజీవులకు,

ఆశీస్సులు. చదువు కోసమో ఉద్యోగం కోసమో వేర్వేరు దేశాలకు వెళ్లిన మీరంతా ఈ మధ్య ఒకరి తర్వాత ఒకరు ఒకే మాట అడుగుతున్నారు: తక్కువ డబ్బులో మంచి లాప్‌టాప్ ఎలా కొనాలి అని. ఒక్కొక్కరికీ ఫోనులో సగం సగం చెప్పే బదులు, చాలా ఏళ్లు పరాయి దేశాల్లో ఉండి, నాకోసమూ తోటివారికోసమూ ఎన్నో లాప్‌టాప్‌లు కొని, కొన్నిటి వల్ల నష్టపోయినవాడిగా నాకు తెలిసినది ఒకచోట రాసి పంపుతున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు దుకాణంలో అన్నిటికంటే చవకగా కనిపించే కొత్త లాప్‌టాప్ కొనకూడదు. అదే డబ్బుకు, కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చి మూడు నాలుగేళ్లు వాడించి తీసేసిన లాప్‌టాప్‌లను శుభ్రం చేసి, పరీక్షించి, హామీతో అమ్మేవారి దగ్గర ఒకటి తీసుకోవాలి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంటివి ఇలా చాలా దేశాల్లో దొరుకుతాయి. ఇవి రోజంతా పనిచేయడానికి తయారైనవి కాబట్టి వీటి కీబోర్డు మీటలు, మూత దగ్గరి బందులు గట్టిగా ఉంటాయి. విప్పి బాగుచేసుకునే విధానాన్ని వివరించే మాన్యువల్‌ను తయారీదారులే తమ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంచుతారు.

నేను ఒకసారి దీనికి సరిగ్గా విరుద్ధమైన పని చేశాను. పెట్టె తెరవని కొత్తది, తేలికగా ఉంది, ధర అందుబాటులో ఉంది అని సంతోషపడి కొన్న ఆ లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ), 32 జీబీ ఈఎమ్ఎమ్‌సీ (చవక లాప్‌టాప్‌లలో వాడే నెమ్మదైన రకం) నిల్వ మాత్రమే ఉన్నాయి. విండోస్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చోటు చాలడం లేదనే సందేశం వచ్చేది. నా ఫైళ్లన్నీ తీసేసినా చాలేది కాదు. ర్యామ్ పెంచుదామంటే అది లోపలి ప్రధాన బోర్డుకే (మదర్‌బోర్డు) తీయరాకుండా సోల్డర్ చేసి ఉంది, నిల్వ కూడా అంతే. ఏడాది తిరక్కుండానే మరొకటి కొనవలసి వచ్చింది. చవకగా కొన్నాననుకున్నది అలా రెండు లాప్‌టాప్‌ల ఖర్చు అయింది.

అందుచేత ఏది కొన్నా ర్యామ్ 8 జీబీకి తగ్గకుండా చూసుకోండి. 16 జీబీ దొరికితే ఇంకా మంచిది. నిల్వ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డ్రైవ్) అయి ఉండాలి, 256 జీబీకి తక్కువ కాకూడదు. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందో లేదో ఆ మోడల్ మాన్యువల్‌లో ముందే చూడండి. ఒకే పేరుతో వచ్చే మోడళ్లలో కూడా ఒక ఏడాదిదానిలో ర్యామ్ మార్చుకునే వీలుండి, మరుసటి ఏడాదిదానిలో లేకపోవచ్చు. ఆపిల్ వారి ఎం1 మాక్‌బుక్‌లు 2020లో వచ్చినవే అయినా ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి, కానీ వాటిలో ర్యామ్ ఎంత ఉంటే జీవితాంతం అంతే.

పాతవాటిలో వయసును తప్పక లెక్కపెట్టాలి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆపివేసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 2017లో మొదలైన ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతి తరం గానీ అయి ఉండాలి. అంతకంటే పాతవాటిని ఇప్పుడు చాలామంది అమ్మకానికి పెడుతున్నారు. ఇంటెల్ ప్రాసెసర్లలో పై శ్రేణిని తెలిపే ఐ7 అన్న అక్షరాలు చూసి వాటికి ఆశపడవద్దు. ఆరో తరం ఐ7 కంటే ఎనిమిదో తరం ఐ5 మీకు ఎక్కువ ఏళ్లు పనికివస్తుంది. విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్ బాగా తెలిసినవారికి మాత్రం ఆ పాతవి నిజంగానే మంచి బేరం. విండోస్ కాక గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్ కొనాలనుకునేవారు దాని ఆటోమేటిక్ అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు వస్తాయో గూగుల్ జాబితాలో చూడాలి, ఎందుకంటే ఆ గడువును మీరు కొన్న రోజు నుంచి కాక ఆ మోడల్‌కు ఆధారమైన ప్లాట్‌ఫాం (లోపలి హార్డ్‌వేర్ అమరిక) విడుదలైన నాటి నుంచి లెక్కిస్తారు.

ఇక పరాయి దేశంలో కొనేవారికి మాత్రమే ఎదురయ్యే సంగతులు ఉన్నాయి. వాటిలో మొదటిది కీబోర్డు. జర్మనీలో అమ్మే లాప్‌టాప్‌లపై వై, జెడ్ అక్షరాలు తారుమారై ఉంటాయి. ఫ్రాన్స్‌లో ఏ, క్యూలు స్థానాలు మారడమే కాక, అంకెలు కొట్టాలంటే షిఫ్ట్ నొక్కాలి. సెట్టింగుల్లో అమెరికన్ కీబోర్డును ఎంచుకుంటే వేళ్లకు అలవాటైన చోటనే అక్షరాలు పడతాయి గానీ, మీటలపై ముద్రించినవి వేరుగా ఉంటాయి. చూడకుండా టైపు చేయగలవారికి ఇది అడ్డంకి కాదు, పైగా ఆ దేశానికి కొత్తగా వచ్చినవారు వద్దనే ఇలాంటివి ఒక్కోసారి తక్కువకే దొరుకుతాయి. తెలుగు రాయడానికి మీటలపై తెలుగు అక్షరాలు ఉండనవసరం లేదు. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. మీరు ఆ దేశపు భాషలోనే రోజూ రాయవలసి వస్తే మాత్రం అక్కడి కీబోర్డునే అలవాటు చేసుకోండి.

విండోస్ భాషను కూడా చూసుకోవాలి. కొన్ని లాప్‌టాప్‌లు హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే రకంతో వస్తాయి. దానిలో ప్రదర్శన భాష ఒక్కటే ఉంటుంది, సెట్టింగుల్లో మరో భాష చేర్చుకోలేరు. మామూలు హోమ్ లేదా ప్రో అయితే ఈ చిక్కు లేదు.

ఛార్జరు గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. దానిపై 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది, గోడకు పెట్టే తీగ ఒక్కటి మార్చుకుంటే చాలు.

వారంటీ, పన్ను, వాపసు హక్కు దేశాన్ని బట్టి మారతాయి. యూరోపియన్ యూనియన్‌లో వ్యాపారి దగ్గర కొన్న కొత్త వస్తువుకు చట్టప్రకారం కనీసం రెండేళ్ల హామీ ఉంటుంది. అక్కడే ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దుకాణంలో చూపిన ధరపై అమ్మకపు పన్ను బిల్లు వేసేటప్పుడు కలుస్తుంది, కనుక ఉన్న డబ్బంతా ధరకే లెక్కవేసుకుంటే చివర్లో చాలదు. మీరు రెండేళ్లలో మరో దేశానికి మారే అవకాశం ఉంటే, ఆ మోడల్ వారంటీ కొన్న దేశానికే పరిమితమా, ఇతర దేశాల్లోనూ చెల్లుతుందా అన్నది సీరియల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్లో చూడండి. అమ్మేవాడి మాటను ఈ విషయంలో నమ్మవద్దు.

వ్యక్తుల దగ్గర పాతది కొనేటప్పుడే నాకు మీ గురించి ఎక్కువ బెంగ. నాకు తెలిసిన ఒక అబ్బాయి అద్దెలకు దాచుకున్న డబ్బుతో అందమైన లాప్‌టాప్ కొని గదికి తెచ్చుకుని, విండోస్ మళ్లీ ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపగానే, అది ఫలానా సంస్థకు చెందినదనీ ఆ సంస్థ ఖాతాతోనే లాగిన్ కావాలనీ తెరపై వచ్చింది. అమ్మినవాడి ఫోను అప్పటికే మూగబోయింది. అందుకే డబ్బు ఇవ్వకముందే, అమ్మేవాడి ఎదుటే, ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మీ ఫోను ఇంటర్నెట్‌కు కలిపి, మొదటి సెటప్ చివరి వరకు పూర్తి చేయండి. విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర అయిన బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడగడం లేదని చూడండి. మాక్ అయితే దాన్ని పాత యజమాని ఆపిల్ ఖాతాకు కట్టిపడేసే యాక్టివేషన్ లాక్ తీసేశారో లేదో చూడండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీస్తే డిజైన్ కెపాసిటీ (కొత్తలో ఉన్న సామర్థ్యం), ఇప్పటి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పూర్తిగా నింపితే పట్టేది) రెండూ కనిపిస్తాయి. రెండోది మొదటిదానిలో ముప్పావు వంతు కంటే తగ్గితే కొత్త బ్యాటరీ ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. తెల్లని పేజీ ఒకటి తెరిచి తెరపై మచ్చలున్నాయేమో, ఒక్కొక్క మీటా పలుకుతోందో లేదో, కెమెరా, మైకు, వైఫై, ప్రతి పోర్టూ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించండి. ఇదంతా అరగంట పని. ఆ అరగంట ఆగడానికి ఇష్టపడని మనిషి దగ్గర అసలు కొనవద్దు. సీరియల్ నంబరు ఉన్న పాత బిల్లు కూడా అడగండి. లేకపోతే దొంగిలించినదేమో అన్న అనుమానం మీ వెంట వస్తుంది.

చదువుకుంటున్నవారు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టే ముందు కళాశాల ఇచ్చిన మెయిల్‌తో అది ఉచితంగా వస్తుందేమో చూసుకోండి. చాలా విశ్వవిద్యాలయాల్లో వస్తుంది. మీ కోర్సుకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఏదైనా కావాలంటే దాని కనీస అవసరాలను శాఖలోని సీనియర్లను అడిగి, ఆ తర్వాతే మోడల్ ఎంచుకోండి.

ఒక మోడల్‌పై మనసు నిలిచాక, దాని పూర్తి మోడల్ నంబరు, ప్రాసెసర్ పేరు, అమ్మే ప్రకటన ఫొటో నాకు పంపండి. చూసి, కొనవచ్చో లేదో అదే రోజు చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య