పాలినామియల్ స్కోరు పెరుగుతూనే ఉంది, ఎప్పుడు ఆపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: కారణాంకాలుగా విడగొట్టాల్సిన 150 అంకెల సంఖ్య, నలుగురు స్నేహితుల కంప్యూటర్లు, ఆ పని చేసే కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్‌ ప్రోగ్రాంలో మొదటి మెట్టుగా మంచి పాలినామియల్ వెతకడం మొదలుపెట్టి రెండు రోజులైంది, స్కోరు కొంచెం కొంచెం పెరుగుతోంది, ఆపాలా ఇంకా నడపాలా?

ఆపేయండి. ఇప్పటిదాకా దొరికినవాటిలో పైనున్న నాలుగైదు తీసుకుని ఒక్కోదానితో కాసేపు సీవింగ్ (తర్వాత వచ్చే జల్లెడ పట్టే అసలు పని) చేసి చూడండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మేం కూడా ఇక్కడే బోర్లా పడ్డాం.

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉన్నప్పుడు ఐదుగురం మనవాళ్ళం కలిసి దాదాపు ఇదే సైజు సంఖ్య మీద కూర్చున్నాం. పగలు ఆఫీసు, రాత్రి మాత్రమే మెషీన్లు ఖాళీ. మొదటి తప్పు మొదటి రాత్రే జరిగింది. వెతుకులాటను పంచుకోవాలంటే లీడింగ్ కోఎఫిషియంట్ (పాలినామియల్‌లో అన్నిటికంటే పెద్ద ఘాతం ముందుండే గుణకం) విలువలను ముక్కలుగా విడదీసి, ఇంత నుంచి ఇంత దాకా నీది, అక్కడి నుంచి నాది అనుకోవాలి. మేం సర్వర్ పెట్టకుండా ఎవరి మెషీన్‌లో వాళ్ళం విడిగా నడిపాం, ముగ్గురం సున్నా నుంచే మొదలుపెట్టాం. తెల్లారి చూస్తే ముగ్గురికీ అవే పాలినామియల్స్. సర్వర్ ఒకచోట పెట్టి మిగతావాటిని క్లయింట్లుగా కలిపితే పని పంచే బాధ్యత అదే చూసుకుంటుంది, మీరు ఇప్పటికే అలా చేసి ఉంటే ఈ పేరా వదిలేయండి.

రెండో తప్పు పెద్దది. ఒకడి దగ్గర గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఉంటే వాడు ఎంసీవ్ అనే ఇంకో ప్రోగ్రాంతో వెతికాడు, మిగతావాళ్ళం కాడోతో. చివర్లో ఆ ప్రోగ్రాములు పాలినామియల్‌కు ఇచ్చే ‘మర్ఫీ-ఈ’ (Murphy E) స్కోర్లు పక్కపక్కన పెట్టి, పెద్ద అంకె ఉన్నదాన్ని సంబరంగా ఎంచుకున్నాం. ఆ స్కోరు లెక్కించడానికి రెండు హద్దులు, ఒక సీవింగ్ వైశాల్యం ముందే అనుకోవాలి, ఆ రెండు ప్రోగ్రాములూ వేర్వేరువి అనుకుంటాయి. అంటే మేం ఒకరి కిలోలను ఇంకొకరి లీటర్లతో పోల్చాం. కాడో అయితే స్కోరు పక్కనే ఆ హద్దులు రాసి చూపిస్తుంది కూడా, చదివే ఓపిక మాకు లేదు.

స్కోరు అసలు దేన్ని కొలుస్తుందో కొంచెం చెప్తాను. మనకు కావలసింది రెండు పాలినామియల్స్, ఒకటి మీ సైజుకు డిగ్రీ 5, ఇంకోటి డిగ్రీ 1, రెండిటికీ మన సంఖ్య మాడ్యులోలో ఒకే మూలం ఉండాలి, అంటే ఒకే విలువ పెడితే రెండూ మన సంఖ్యతో శేషం లేకుండా భాగించబడాలి. సీవింగ్‌లో రెండిటి విలువలూ చిన్న ప్రధాన సంఖ్యలుగా విడిపోయే జతల కోసం జల్లెడ పడతాం, దొరికిన ఒక్కో జతే ఒక రిలేషన్. విలువలు చిన్నవైతే విడిపోవడం తేలిక, అది సైజు సంగతి. చిన్న ప్రధాన సంఖ్యల దగ్గర పాలినామియల్‌కు మూలాలు ఎక్కువుంటే విలువలు వాటితో మామూలుకంటే ఎక్కువసార్లు భాగించబడతాయి, అది రూట్ల సంగతి, దాన్ని ఆల్ఫా అనే అంకెతో చెప్తారు. ఆల్ఫా ఎంత నెగటివ్ అయితే అంత మంచిది: మైనస్ 6 అంటే ఆ విలువలు దాదాపు 400 రెట్లు చిన్న సంఖ్యల్లా ప్రవర్తిస్తాయని. లీడింగ్ కోఎఫిషియంట్‌ను 60 లాంటి సంఖ్య గుణిజాల్లోనే వెతకడం వెనకున్న కారణం ఇదే, 2, 3, 5 దగ్గర ఒక్కో మూలం ముందే చేతికొస్తుంది. ‘మర్ఫీ-ఈ’ అనేది ఈ రెండు సంగతులనూ కలిపి వేసే అంచనా. అంచనాయే. పై వరసలో రెండు మూడు శాతం తేడాలు నమ్మదగినవి కావు.

బెంగళూరులో అద్దె ఇల్లు చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఫొటోలు, రేటింగులు చూసి పది నెలల అడ్వాన్సు ఎవరూ ఇవ్వరు, వెళ్ళి కుళాయి తిప్పి నీళ్ళొస్తున్నాయో లేదో చూస్తారు.

ఇక్కడ కుళాయి తిప్పడం అంటే, మీరు సీవింగ్ చేయబోయే స్పెషల్-క్యూల (సీవింగ్‌ను చిన్న చిన్న పనులుగా విడదీసే ప్రధాన సంఖ్యల) పరిధిలో మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో చిన్న ముక్క తీసుకుని, ప్రతి పాలినామియల్‌నూ అవే ముక్కల మీద, అవే పారామీటర్లతో నడపడం. రెండు అంకెలు రాసుకోండి: ఒక్కో రిలేషన్‌కు ఎన్ని సెకన్లు పట్టింది, ఒక్కో స్పెషల్-క్యూకు ఎన్ని రిలేషన్లు వచ్చాయి. మొదటిది మాత్రమే చూస్తే మోసపోతారు, ఎందుకంటే రెండోది తక్కువైతే పరిధి మధ్యలోనే అయిపోయి ఇంకా పెద్ద క్యూలకు వెళ్ళాలి, అక్కడ అన్నీ నెమ్మదిస్తాయి. మా దాంట్లో స్కోరులో మూడో స్థానంలో ఉన్నది గంటకు ఆరు శాతం ఎక్కువ రిలేషన్లు ఇచ్చింది. అదీ రెండోసారి కొలిచాకే తెలిసింది. మొదటిసారి దాన్ని ఏప్రిల్ మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్‌లో నడిపాను, వేడికి ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంది, పాపం పాలినామియల్‌దే తప్పనుకున్నాను. ఒకే మెషీన్, చల్లగా ఉన్న వేళ, బ్రౌజర్ కూడా మూసేసి నడపండి.

ఇంకోటి, పాలినామియల్‌ను ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి చేత్తో ఎక్కిస్తుంటే స్క్యూ లైను మర్చిపోకండి. కోఎఫిషియంట్లు పై నుంచి కిందికి బాగా పెరిగే పాలినామియల్‌కు సీవింగ్ ప్రాంతాన్ని ఒక వైపు బాగా సాగదీయాలి, ఎంత సాగదీయాలో చెప్పేది ఆ అంకె. మావాడు దాన్ని 1 అని వదిలేశాడు. రిలేషన్లు చినుకుల్లా పడుతుంటే రెండు రాత్రులు టెన్షన్ పడ్డాం, కరెంటు బిల్లు చూసి ఓనర్ ఆంటీ విడిగా టెన్షన్ పడింది.

ఎంతసేపు వెతకాలి అంటే, మొత్తం పనిలో సుమారు 5 శాతం అనేది నేను పాటించే లెక్క. 232 అంకెల ఆర్‌ఎస్‌ఏ-768 సంగతి తీసుకోండి, 2009 డిసెంబర్‌లో ఛేదించారు. పాలినామియల్ కోసం 2005లో దాదాపు 20 కోర్-సంవత్సరాలు (ఒక ప్రాసెసర్ కోర్ ఏడాదంతా నడిస్తే ఒకటి), 2007లో మళ్ళీ అంతే ఖర్చుపెట్టారు, రెండోసారి మొదటివాటిని స్పష్టంగా మించింది దొరకలేదు. సీవింగ్‌కు పట్టింది దాదాపు 1500 కోర్-సంవత్సరాలు. వాళ్ళ ముందు మన రెండు రోజులు ఎంత? ఎంసీవ్ అయితే మీ సైజుకు ఏ స్కోరు ఆశించవచ్చో లాగ్‌లోనే ఒక పరిధి చెప్తుంది, దాని లోపలికి వచ్చారంటే ఇక చాలు.

ఇదంతా మీ సంఖ్యకు ప్రత్యేక రూపం లేదనుకుని చెప్పాను. అది 10^199 − 1 లాంటి సంఖ్య నుంచి మిగిలిన కారణాంకమైతే వెతుకులాటే వద్దు: ఎక్స్^5 − 10 తీసుకుని ఎక్స్ బదులు 10^40 పెట్టండి, వచ్చేది 10^199 − 1కి సరిగ్గా పది రెట్లు. ఏ వెతుకులాటా అంత చిన్న కోఎఫిషియంట్లు ఇవ్వదు. మీ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో ప్రశ్నలో రాయలేదు, ముందు అది చెప్పండి. మామూలు సంఖ్యే అయితే ఈ రాత్రికి టెస్ట్ నడిపి, ఒక్కో పాలినామియల్‌కూ ఆ రెండు అంకెలు కింద పెట్టండి, కలిసి చూద్దాం.