ధ్యానం మొదలుపెట్టాక బీపీ మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. నాలుగేళ్లుగా బీపీకి అమ్లోడిపిన్ 5 ఎంజీ వాడుతున్నారు. భావాతీత ధ్యానం నేర్చుకున్నాక బీపీ 124/80 ఉందని వారం కిందట మాత్ర మానేశారు. ఏడో తరగతి చదువుతున్న మా బాబుకు బడిలో రోజూ పావుగంట ధ్యానం చేయిస్తున్నారు. కళ్లు మూసుకుంటే గుండె దడదడలాడుతోందని అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, మీవారు ధ్యానం మానవలసిన అవసరం లేదు. అయితే మాత్ర గురించి మాత్రం ఆ మందు రాసిన డాక్టరుతో ఈరోజే మాట్లాడి, ఆయన చెప్పిన ప్రకారం మళ్లీ మొదలుపెట్టాలి. అమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది కాబట్టి, మాత్ర మానిన తొలి రోజుల్లో కనిపించే మంచి రీడింగు చాలావరకు పాత మాత్ర చలవే. పైగా, ధ్యానం ముగించి లేచిన వెంటనే చూస్తే బీపీ కాస్త తక్కువగా కనిపించవచ్చు.

మహర్షి మహేశ్ యోగి 1950ల చివర్లో ప్రచారంలోకి తెచ్చిన ఈ భావాతీత ధ్యానంలో రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, ఒక మంత్రాన్ని మనసులో అనుకుంటూ కూర్చుంటారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో దీన్ని బీపీ తగ్గించే ప్రయత్నాల్లో పరిశీలించదగినదిగా పేర్కొంది కానీ, అది బలమైన సిఫారసు కాదు. పరిశోధనల్లో కనిపించిన తగ్గుదల సగటున 5 పాయింట్ల వరకే. ఉప్పు తగ్గించడం, రోజూ నడవడం లాగే ఇది కూడా మందుకు తోడుగా పనికొస్తుందే తప్ప, మందు స్థానంలోకి రాదు.

మీ బాబు మాటను తేలిగ్గా తీసుకోకండి. బ్రిటన్‌లో 85 బడులలో, ఎనిమిది వేల మందికి పైగా పిల్లలపై జరిపి 2022లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో, మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు (శ్వాస మీద, ఆ క్షణంలో జరుగుతున్నదాని మీద ధ్యాస నిలిపే వేరే పద్ధతి) మామూలు భావోద్వేగ పాఠాల కంటే మెరుగ్గా పనిచేయలేదు. అప్పటికే దిగులు, ఆందోళన ఉన్న పిల్లలకు ఇవి సరిపడకపోవచ్చన్న సూచనలు కూడా కనిపించాయి. కళ్లు మూసుకోగానే లోపలి గుండె చప్పుడే పెద్దగా వినిపించి, దానికి భయపడి దడ ఇంకా పెరగడం నేను కొందరు పిల్లల్లో చూశాను. కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలకు ఆనించి, కిటికీలోంచి కనిపించే చెట్టునో గోడనో చూస్తూ కూర్చోనివ్వమని టీచరును అడగండి. వాడికి ఇష్టం లేకపోతే ఆ పావుగంట పుస్తకం చదువుకోనివ్వాలి. ధ్యానం చేయనప్పుడు కూడా దడ వస్తున్నా, ఆటల్లో కళ్లు తిరుగుతున్నా, నిద్ర పట్టకపోతున్నా పిల్లల డాక్టరుకు చూపించి ఈసీజీ, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు అవసరమేమో అడగాలి.

మీవారి బీపీని ఏడు రోజులపాటు ఉదయం టీ, మాత్ర, ధ్యానం వీటన్నిటికీ ముందు, మళ్లీ రాత్రి పడుకోబోయే ముందు, ఐదు నిమిషాలు కూర్చున్నాక చేయి గుండె ఎత్తులో ఉంచి చూసి, ఆ కాగితాన్ని డాక్టరుకు ఇవ్వండి. ఈలోగా 180/120 దాటితే కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరును సంప్రదించండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం వంటివి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.